గుట్ట కింద మళ్ళీ దంచిన జ్యోతి

2025 మార్చి 7, శుక్రవారం. ప్రొద్దుటూరు నుంచి ప్రయాణం. ఉన్నవాళ్ళు: నేను, మా ఇంటామె, ఆమె చెల్లెలు (జమ్మలమడుగులో ఎక్కింది), మా అమ్మాయి (పులివెందులలో ఎక్కింది), మా వీధిలోనే ఉండే వ్యాను డ్రైవరు. మొత్తం ఐదుగురం. చేరవలసిన చోటు: వేంపల్లె దాటి చక్రాయపేట పోయే దారిలో, గుట్ట మీది చౌడమ్మ గుడి. మెట్లు రెండు వందల పదహారు.

ఈ నాలుగు ముక్కలూ నేను ముందు రోజు సాయంత్రమే డైరీలో రాసిపెట్టుకున్నాను. ముప్పై మూడేళ్ళు బస్టాండులో కంట్రోలరుగా పనిచేసినవాణ్ణి. ఏ బస్సు ఎన్నింటికి రావాలో కాగితం మీద ముందే ఉంటుంది, ఎన్నింటికి వచ్చిందో పక్కన రాస్తాం. రిటైరై పదకొండేళ్ళు దాటినా నా డైరీలో ఆ రెండు గడులూ అలాగే ఉన్నాయి. అనుకున్నది ఒక గడి, జరిగింది ఒక గడి. ఆ శుక్రవారం రెండింటికీ పొంతన లేదు.

అంతకుముందు సంవత్సరం జనవరిలో మా ఇంటామెకు పక్షవాతం వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి ఉన్న మనిషి నిలబడినట్టే కూలిపోయింది. ఎడమవైపు కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. తొమ్మిదో రోజున ఒక్కొక్క మాటే రావడం మొదలైంది. నీళ్ళు అంది, లైటు అంది. పూర్తి వాక్యం పదో రోజు పొద్దున వచ్చింది.

"గుట్టకు జ్యోతి మోస్తా."

నర్సుకు అర్థం కాక నావైపు చూసింది. నాకు అర్థమైంది కాబట్టి భయం వేసింది.

మావి మగ్గాల మీద బతికిన ఇళ్ళు. చౌడమ్మ మా ఇంటి దేవత. మొక్కు ఉన్న ఆడమనిషి బియ్యప్పిండిలో బెల్లం పాకం కలిపి చలిమిడి చేసి, దాన్ని గోపురంలా నిలబెట్టి, కొనమీద గుంట చేసి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తుంది. ఆ దీపాన్ని పళ్ళెంలో పెట్టి తలకెత్తుకుని గుడికి నడుస్తుంది. దాన్నే జ్యోతి అంటాం. ఎత్తుకున్నాక గుడి గడప దగ్గర పూజారి అందుకునేదాకా దించకూడదు. మోసే మనిషిని ఎవరూ పట్టుకోకూడదు. వత్తి ఆరితే మళ్ళీ వెలిగించుకోవచ్చు. జ్యోతి విరిగితే మాత్రం ఆ ఏటికి ఇక లేదు, వచ్చే ఏడాది దాకా ఆగాలి.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇది రెండోసారి రాకుండా చూసుకోవాలి, వస్తే కష్టం అన్నాడు. తలుపు అవతల ఉన్న ఆమె ఆ మాట విన్నది. అప్పటినుంచి మా ఇంట్లో "వచ్చే ఏడు" అని ఎవరైనా అంటే ఆమె ముఖం తిప్పుకునేది. మామిడికాయ పచ్చడి గురించి అన్నా సరే.

పద్నాలుగు నెలలు కష్టపడింది. మొదట మంచం పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, ఆ తర్వాత చేతికర్రతో. సంక్రాంతి దాటాక మిద్దె మీద పొద్దుపొద్దునే పళ్ళెంలో నీళ్ళచెంబు పెట్టుకుని, దాన్ని నెత్తికెత్తుకుని నడిచేది. మొదటి వారమంతా తడిసిపోయి కిందికి దిగేది. ఫిబ్రవరి చివరికి చెంబులోంచి ఒక్క చుక్క ఒలకకుండా పన్నెండు చుట్లు తిరిగింది. ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేవదు. అందుకని తనే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. పళ్ళేనికి కుడిచెయ్యి, మెట్ల పక్కన ఉండే ఇనప కమ్మీకి ఎడమచెయ్యి.

"ఆ చెయ్యి పైకి లేయకపోతే పాయె, పట్టుకుంటాది గదా," అనేది.

మా వాళ్ళలో జ్యోతికి ఒక నియమం ఉంది. బియ్యం పుట్టింటివి కావాలి, బెల్లం మెట్టినింటిది, నెయ్యి కూతురింటిది. మూడిళ్ళవాళ్ళూ గుట్ట కింద కలుసుకుని, అక్కడే దంచి, అక్కడే పాకం పట్టి, వేడి తగ్గకముందే జ్యోతి నిలబెట్టి మెట్లెక్కుతారు. గుట్ట కింద బండలో తొలిచిన రోళ్ళు నాలుగో ఐదో ఉన్నాయి. చిన్నప్పటినుంచి చూస్తున్నాను. వాటిని అక్కడ ఎందుకు తొలిచారని ఒక్కనాడూ ఆలోచించలేదు.

నా ఆలోచనంతా ఎండ గురించే. ఉత్తకాళ్ళతో ఎక్కాలి. మార్చిలో పదిగంటలకే బండ కాలుతుంది. అక్కడికి పోయి దంచుకుంటూ కూర్చుంటే ఎక్కేసరికి పదకొండవుతుంది. అందుకని జ్యోతిని ఇంట్లోనే తెల్లవారుజామున చేసుకుని పోదామని నిర్ణయించాను. బియ్యం వారం ముందే జమ్మలమడుగు నుంచి బస్సులో తెప్పించాను. మా మరదలికి ఫోన్ చేసి చెబితే ఆమె ఒప్పుకోలేదు. ఆమె ఇప్పటికీ మగ్గం నేస్తుంది, మాట కూడా మగ్గంలో అటూ ఇటూ దూసుకుపోయే నాడె విసిరినట్టే వస్తుంది.

"అట్ల చెయ్యకూడదు బావా. మాయమ్మ ఆడనే చేసె, నేనూ ఆడనే చేస్తి."

"ఎండ ముదురుతాది. ఇంట్లో చేసుకోనొస్తే ఎనిమిదిన్నరకు మెట్లెక్కొచ్చు. తొమ్మిదిన్నరకు పైనుంటాం."

"జ్యోతి గూడా నీకు బస్సే. దానికీ టయాలు రాస్తాండావు."

ఫోన్ మా ఇంటామె అందుకుంది. "పోనీలే మే. నా కాళ్ళు కాలతాయని ఆయన దిగులు," అని పెట్టేసింది.

ఆ తెల్లవారుజామున నాలుగింటికి నానిన బియ్యాన్ని నేనే మిక్సీలో తిప్పి జల్లెడ పట్టాను. ఆమె పీట మీద కూర్చుని పాకం పట్టింది. జ్యోతి చక్కగా కుదిరింది. మూరెడు ఎత్తు, నున్నగా, లేత బెల్లం రంగులో ఉంది. ఇత్తడి పళ్ళెంలో పెట్టి తడిగుడ్డ కప్పాం. ఐదూ పదికి వ్యాను కదిలింది.

జమ్మలమడుగులో మరదలు వీధి చివరికే వచ్చి నిలబడి ఉంది. ఎక్కుతూనే గుడ్డ ఎత్తి చూసింది. "బాగనే ఉండాది. ఏం పిండి ఇది, రోట్లో దంచిందేనా?" అంది. మిక్సీ అని చెప్పాను. ఆమె అక్క పక్కన కూర్చుని, శాలువా సర్ది, సంచీలోంచి మల్లెపూలు తీసి తలలో పెట్టింది.

ముద్దనూరు దాటాక ఎండ అద్దంలోంచి సూటిగా నా ఒళ్ళోని పళ్ళెం మీద పడింది. వేడికి పాకం సడలి జ్యోతి వాలిపోతుందేమోనని నాకు అనుమానం వచ్చింది. డ్రైవరుతో ఏసీ పెట్టమన్నాను.

"చలిగుండాది గదా మామా. అత్తకు ఇబ్బందేమో," అన్నాడు. అతను మా ఎదురింటి సాయిబుల కుర్రవాడుగా ఉన్నప్పటినుంచి మాకు తెలుసు, ఇప్పుడు యాభై దాటాయి.

"అత్తకు శాలువా ఉండాది. నువ్వు పెట్టు."

తడిగుడ్డ ఉంటే చల్లగాలి తగలదని దాన్ని కూడా తీసేశాను. గాలి వచ్చే జాలీని పళ్ళెం వైపు తిప్పాను. అలా దాదాపు రెండు గంటలు, ఆ ఎండుగాలికి ఎదురుగా జ్యోతిని నేనే పట్టుకుని కూర్చున్నాను. చాలా జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను.

పులివెందులలో మా అమ్మాయి నేతిచెంబుతో ఎక్కింది. బడికి సెలవు పెట్టింది. వేంపల్లెలో ఆగి కాఫీ తాగాం. గుట్ట కిందికి చేరేసరికి ఎనిమిదీ నలభై. పది నిమిషాలే ఆలస్యం. ఆ మాట పైకే అన్నాను.

కుళాయి దగ్గర అందరం కాళ్ళు కడుక్కున్నాం. మా ఇంటామె తలమీద గుడ్డ చుట్టకుదురు సర్దుకుని బండ మీద కూర్చుంది. మా అమ్మాయి జ్యోతి కొనమీది గుంటలో నెయ్యి పోసింది. నెయ్యి నిలవలేదు. పోసిన కొద్దీ లోపలికి దిగిపోతోంది. ఏమిటా అని వంగి చూసేసరికి అడుగు నుంచి కారి పళ్ళెమంతా పాకుతోంది. అప్పుడు కనిపించింది బీట. కొన నుంచి అడుగు దాకా, వెంట్రుక మందం. అమ్మాయి చెయ్యి తగిలిందో లేదో, జ్యోతి రెండు చెక్కలై చెరొక పక్కకు పడింది.

మరదలు వంగి చూసింది. పిండి లోపల కూడా ఎండి పొడిపొడిగా ఉంది.

"ఎండిపోయింది," అంది. "ఏసీ గాలికి గుడ్డ తీసి పెట్టుకుంటివి గదా బావా. చలిమిడి ఎండకు వాలదు, గాలికి పగులుతాది. ఇంట్లో చిన్నపిల్లకు గూడా తెల్సు."

నాకు తెలియదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి పద్నాలుగు నెలలు పడిన కష్టం నా చేతుల్లోనే పగిలింది.

అమ్మాయి తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, జ్యోతి విరిగితే ఈ ఏటికి ల్యా అంటారు గదా. పోనీ వచ్చే..." అని, నాలుక కరుచుకుంది. "అట్ల గాకుంటే నేను మోస్తా. కూతురు మోసినా తల్లి మొక్కు తీరుతాది. మళ్ళా చేద్దాం, నేనెత్తుకుంటా."

మా ఇంటామె పళ్ళెం తన ముందుకు లాక్కుంది. కుడిచేత్తో ఒక చెక్క తీసుకుని నలిపింది. అది పొడి అయింది. రెండో చెక్కనూ నలిపింది.

"అక్కా, ఏంది జేస్తాండావు?" అంది చెల్లెలు.

"వత్తి యెలిగించకుండా, నెత్తికెత్తుకోకుండా ఇది జ్యోతి ఎట్లయితాదే? ఇది పిండి. పిండి విరిగిందని మొక్కు పోతాదా?"

"అంతేనంటావా?"

"అంతే. పుట్టింటి బియ్యం యాడికీ పోలా, ఈడనే ఉండాయి. దంచు."

పక్క రోటి దగ్గర మైదుకూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం దంచుకుంటోంది. వాళ్ళలో పెద్దావిడ, నోట్లో ఒక్క పన్ను కూడా లేని మనిషి, ఇదంతా వింటూనే ఉంది. తన రోకలి తెచ్చి మరదలి చేతికిచ్చింది. వేరే ఇంటి రోకలి పనికొస్తుందా అని మరదలు సందేహిస్తుంటే, "రోకలికి పుట్టిల్లు ఏంది, మెట్టినిల్లు ఏంది? దంచుమ్మే," అంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏమప్పా, నీవేనా ఇంటికాడ్నుంచి చేసుకోనొచ్చింది? ఏం ఉద్దోగం నీది?"

"బస్టాండులో కంట్రోలరుగా చేసినాను."

"అదీ సంగతి. బండి రాకముందే జనాన్ని ఎక్కించినావు."

మరదలు రోకలి ఆపి మరీ నవ్వింది. మా ఇంటామె కూడా నవ్వింది. ఆమె నవ్వితే ఇప్పటికీ పెదవి కుడివైపుకే పోతుంది. నేను తల దించుకునే ఉన్నా, నా గుండెల మీది బరువు కొంచెం దిగింది.

నలిపిన పొడినే రోట్లో పోసి మళ్ళీ దంచితే పిండి తయారైంది కానీ పాకం కావాలి. బెల్లం మా ఇంటిదే కావాలి. నైవేద్యం కోసం నా సంచీలో ఒక బెల్లం అచ్చు ఉంది. దాన్ని తీసి మరదలికి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

"నాకెందుకు? నేను పుట్టింటిదాన్ని. బెల్లం మెట్టినింటిది, పాకం మెట్టినింటోళ్ళే పట్టాల. పీట లేకుండా అక్క పొయ్యి ముందర కూర్చోలేదు ఈడ. ఇంకెవురుండారు మీ ఇంటోళ్ళు? నువ్వే."

జీవితంలో కాఫీ తప్ప ఏదీ కాచినవాణ్ణి కాదు. డ్రైవరు మూడు రాళ్ళు పెట్టి ఎండుపుల్లలు ఏరుకొచ్చాడు. మైదుకూరువాళ్ళు గిన్నె ఇచ్చారు. బెల్లం పగలగొట్టి, కాసిని నీళ్ళు పోసి, పొగకు కళ్ళు మూసుకుంటూ గరిటె తిప్పాను.

"ఎన్ని నిమిషాలు కాయాల?" అన్నాను.

"నిమిషాలు కాదు బావా. వేలుతో చూడు."

పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో చుక్క వేయమంది. వేశాను. కరిగిపోయింది. ఇంకాసేపు తిప్పి మళ్ళీ వేశాను. తీగలా సాగింది. "ఇంకా," అంది. మూడోసారి వేసిన చుక్క నీళ్ళలో కరగకుండా అడుగుకు దిగి నిలిచింది. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండయింది. మా ఇంటామె కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపింది. ఆ ఉండను ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్ళమధ్య నొక్కి చూసింది.

"వచ్చింది. దించు," అంది.

పిండి పాకంలో పోసి కలిపాం. వేడి తగ్గకముందే ఆమె దాన్ని తన ముందు పెట్టించుకుని రెండు చేతులూ ఆనించింది. కుడిచెయ్యి పని చేస్తుంటే ఎడమచెయ్యి ఊరికే అవతల గోడలా నిలిచింది. ఆ గోడకు నొక్కి నొక్కి జ్యోతిని పైకి లేపింది. పొద్దున ఇంట్లో చేసిందంత నున్నగా లేదు. ఒకవైపు ఆమె వేళ్ళ గుర్తులు లోతుగా పడ్డాయి. నెయ్యి పోస్తే నిలిచింది. ఒక్క చుక్క దిగలేదు.

అప్పటికి పదకొండూ ఇరవై ఐదు. నేను ఏ ఎండకు భయపడి ఇదంతా చేశానో ఆ ఎండ నడినెత్తికి వచ్చేస్తోంది. పైగా పన్నెండున్నరకు గుడి తలుపు వేస్తారు, మళ్ళీ సాయంత్రమే. అమ్మాయి ముందుగా పైకి పోయి పూజారికి చెప్పి ఆపుతానంది.

"నాకోసం ఎవురూ తలుపు పట్టుకోవద్దు. టయానికే వస్తా," అని మా ఇంటామె లేచి నిలబడింది. చేతికర్రను వ్యానులో పెట్టమంది. చెల్లెలు వత్తి వెలిగించి పళ్ళెం తలమీద పెట్టింది. కుడిచెయ్యి పళ్ళేనికి పోయింది, ఎడమచెయ్యి కమ్మీ మీద పడింది.

మొదటి మెట్టు మీద పాదం పెట్టగానే ఆమె పాదం వెనక్కి తీసుకోవడం చూశాను. రాయి కాలుతోంది. డ్రైవరు కూడా చూశాడు. వ్యానులోంచి రెండు పెద్ద నీళ్ళ క్యాన్లు తెచ్చి, చెప్పులు వదిలి, "నేను ముందు పోతా మామా," అని ఒక్కొక్క మెట్టు మీదా నీళ్ళు పోస్తూ ఎక్కసాగాడు. నీళ్ళు పడగానే రాతి మీంచి ఆవిరి లేచింది. ఆ తడి ఆరకముందే ఆమె ఆ మెట్టు మీదికి చేరేది. చెరొక పక్క చెల్లెలూ కూతురూ. వెనక నేను.

యాభై మెట్ల దాకా బాగానే నడిచింది. ఎనభై దగ్గర ఊపిరి వినిపించడం మొదలైంది. నూట పది దగ్గర చిన్న మంటపం ఉంది, దాని నీడలో నిలబడింది. కూర్చోవడానికి లేదు, దించడానికి లేదు. నిలబడే సేదతీరాలి. వత్తి మంట గాలికి పక్కకు వాలి మళ్ళీ లేచింది. ఆమె నడుము కొద్దిగా ఊగింది. నాకు తెలియకుండానే నా రెండు చేతులూ ముందుకు పోయాయి. ఇంకా తగలలేదు, జానెడు దూరంలో ఉన్నాయి.

"చెయ్యి తియ్యి," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

తీసేశాను. ఆ తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని ఎక్కాను.

మైదుకూరువాళ్ళు మాకంటే ముందే దర్శనం చేసుకుని దిగుతూ ఎదురయ్యారు. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. పళ్ళులేని పెద్దావిడ చేతులు జోడించి, "నిదానంగా ఎక్కు తల్లీ. ఆయమ్మ యాడికీ పోదు," అంది.

"ఆయమ్మ పోదు. పూజారి పోతాడు," అంది మా ఇంటామె, ఊపిరి పీల్చుకుంటూ.

పెద్దావిడ నవ్వి, కిందికి దిగవలసిన మనిషి మళ్ళీ వెనక్కి తిరిగి మా వెంట పైకి నడిచింది. ఆమెను చూసి వాళ్ళింటివాళ్ళు కూడా తిరిగారు. ఐదుగురం పన్నెండుమందిమయ్యాం. ఎవరో ఒకరు అమ్మవారి మీద పాట ఎత్తుకున్నారు. ఆమె ఆగినప్పుడల్లా పాట ఆగేది, ఆమె కదిలితే కదిలేది.

రెండు వందలవ మెట్టు దగ్గర కమ్మీ అయిపోయింది. కొత్తది వేయడానికి పాతది కోసేసినట్టున్నారు, గుంతలు మాత్రం తవ్వి ఉన్నాయి. పూజ వేళలు అడిగాను, నీటి వసతి అడిగాను, మెట్లు ఎన్నో అడిగాను. కమ్మీ చివరిదాకా ఉందా అని ఎవరినీ అడగలేదు. ఇంకా పదహారు మెట్లున్నాయి. ఆమె ఎడమచెయ్యి గాల్లో కమ్మీ కోసం వెతికి, దొరకక కిందికి జారింది.

అమ్మాయి ముఖం తెల్లబోయింది. "అమ్మా, నా భుజం పట్టుకో. నేను నిన్ను పట్టుకోను, నువ్వే పట్టుకో. అది తప్పు గాదు."

ఆమె పైన తెరిచి ఉన్న తలుపును చూసింది. తర్వాత కుడిపాదం లేపి పై మెట్టు మీద పెట్టింది.

"మంచికాలు," అంది.

ఎడమపాదాన్ని ఈడ్చి దాని పక్కకు చేర్చింది. ఆగింది. మళ్ళీ కుడిపాదం లేపింది.

"మంచికాలు."

ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు అని ఫిజియోథెరపీ అమ్మాయి ఏడాది పాటు నేర్పింది. ఇంట్లో మూడు మెట్ల మీద రోజూ అదే పాఠం. అప్పుడు ఆ మాట నేననేవాణ్ణి, ఆమె కాలు వేసేది. ఇప్పుడు ఆమే అంటోంది, ఆమే వేస్తోంది. పాట ఆగిపోయింది. డ్రైవరు రెండో క్యానులో మిగిలిన నీళ్ళను మెట్టుకు దోసెడు చొప్పున పోస్తున్నాడు. పదహారు సార్లు "మంచికాలు" అనే ఆ ఒక్క మాటే వినిపించింది. చివరిసారి అన్నప్పుడు గొంతు ఎంత గట్టిగా ఉందంటే, లోపల ఉన్న పూజారి హారతిపళ్ళెం దించి బయటికి వచ్చాడు.

గడప దగ్గర అతను రెండు చేతులతో జ్యోతిని అందుకున్నాడు. వత్తి వెలుగుతూనే ఉంది. దారి పొడవునా ఒక్కసారి కూడా ఆరలేదు. లోపలికి తీసుకుపోయి అమ్మవారి ముందు పెట్టాడు. మైదుకూరు ఆడవాళ్ళు గంట కొట్టడం మొదలుపెట్టి ఎంతసేపటికీ ఆపలేదు. మా మరదలు స్తంభానికి ఆనుకుని ముఖం కొంగులో దాచుకుంది. పొద్దున్నుంచీ నన్ను ఏడిపించిన మనిషి.

మా ఇంటామె గడపకు ఇవతలే నిలబడి అమ్మవారిని చూసింది. వీధిలో ఎదురైన మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"వచ్చినా. నడిచే వచ్చినా. ఎవురూ పట్టుకోలా."

అంతే చెప్పింది, ఏమీ అడగలేదు. నేను కూడా దండం పెట్టుకున్నాను కానీ కోరుకోవడానికి ఏమీ గుర్తు రాలేదు. హారతి కళ్ళకద్దుకుని మంటపంలో కూర్చున్నాం. నీళ్ళు తాగాక ఆమె నన్ను అడిగింది.

"టైమెంత?"

"పైకి వచ్చేసరికి పన్నెండూ ఇరవై."

"నీ కాగితంలో ఎంతుండె?"

"తొమ్మిదిన్నర."

"మూడు గంటలు లేటు. రాసుకో," అంది, కుడివైపుకు నవ్వుతూ.

రాసుకున్నాను. లేటు అనే మాట నా ఉద్యోగమంతా ఎర్రసిరాతో రాశాను. ఆ రోజు అది మామూలు సిరాతోనే ఉంది. కింద ఒక వాక్యం అదనంగా రాశాను: జ్యోతి గుట్ట కిందనే చేయవలెను, పాకం వేలితో చూడవలెను. మా అమ్మాయి తరానికి పనికొస్తుందని.

దిగేటప్పుడు నొప్పికాలు ముందు వేస్తూ, నా భుజం పట్టుకుని దిగింది. దిగడానికి నియమం ఏమీ లేదు. కింద వేపచెట్టు నీడలో మైదుకూరువాళ్ళ చిత్రాన్నం, మా పెరుగన్నం కలిపి తిన్నాం. పెద్దావిడకు మా ఊరూ పేరూ చెప్పి, ఆమెవి నేను అడిగి తెలుసుకున్నాను. పులివెందులలో అమ్మాయిని, జమ్మలమడుగులో మరదలినీ దించి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. హారతి అయ్యాక పూజారి జ్యోతిలో కొనభాగం అమ్మవారి దగ్గర ఉంచుకుని మిగతాది ప్రసాదంగా పళ్ళెంలోనే తిరిగి ఇచ్చాడు.

మరుసటి రోజు శనివారం. ఐదున్నరకు లేచి చూస్తే ఆమె పక్కమీద లేదు. వంటింట్లో పీట మీద కూర్చుని, చలిమిడిని చిన్నచిన్న ముక్కలుగా కోసి, కొబ్బరి కలిపి స్టీలు డబ్బాలో సర్దుతోంది. జ్యోతి మోసిన మనిషే దాన్ని పంచాలి. స్నానం చేసి, చీర మార్చుకుని, డబ్బా చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నేను చొక్కా తగిలించుకోబోయాను.

"నువ్వు యాడికి?"

"తోడు వస్తా."

"దేనికి? ఇదేమన్నా గుట్టనా?"

గడపలోనే ఉండిపోయాను. ఆమె మొదటి ఇంటికి పోయింది, రెండో ఇంటికి పోయింది. మూడో ఇంటి ఇల్లాలు కల్లాపి చల్లుతున్నది ఆపి, చేతులు తుడుచుకుని ప్రసాదం అందుకుంది.

"గుట్టకు పోయొచ్చినారా అక్కా? జ్యోతి ఎవురు మోసిరి, మీ పాపనా?"

"నేనే," అంది మా ఇంటామె.

ఆవిడ ఇంట్లోకి కేకేసి అత్తగారిని పిలిచింది. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒక్కొక్క ఇంటికీ ఆ జవాబు కొంచెం గట్టిగా వినిపించింది. ఎదురింట్లో డ్రైవరు భార్యకు రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది. వీధి చివర మలుపు తిరిగి, పద్నాలుగు నెలలుగా కాలు పెట్టని సందులోకి పోయింది. నాకు ఇక కనిపించలేదు.

ఎనిమిదింటికి తిరిగొచ్చింది. నిలబడే చెంబెడు నీళ్ళు తాగింది. ఖాళీ డబ్బా నా చేతికిచ్చింది.

"వెనక సందు ఇంకా మిగిలుండాది. నింపు," అంది.

నింపి ఇచ్చాను.